పొట్ట ఉబ్బడం పుణ్యం కాదు

వేగన్ తిండికి మారిన కొత్తలో కడుపు ఉబ్బుతుంటే చాలామందికి దొరికే సమాధానం ఒకటే. "ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి, ఓర్చుకోండి." ఈ మాట నాకు ముగ్గురు చెప్పారు. ముగ్గురూ మంచివాళ్ళే, చదువుకున్నవాళ్ళే. మూడుసార్లూ నాకు ఒకటే అనుమానం వచ్చింది. ఇది వైద్యం మాటా, మడి మాటా?

చూడండి. ఒంట్లో ఏదో మైల ఉంది, దాన్ని కడగాలి, కడిగేటప్పుడు నొప్పి పుడుతుంది, ఆ నొప్పిని భరించినవాడు శుద్ధి అవుతాడు. ఈ కథ ఎక్కడిదో, మైల అనే మాట ఎవరి మీద వాడారో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఒంట్లో అక్కర్లేనివాటిని తీసేసే పని కాలేయం, మూత్రపిండాలు రోజూ చేస్తూనే ఉంటాయి. మాంసం తిన్నవాడికీ చేస్తాయి, శనగలు తిన్నవాడికీ చేస్తాయి. కడుపులో గాలి ఆ పనికి గుర్తు కాదు. అది వేరే లెక్క. ఆ లెక్క చెప్పడానికే ఈ వారం రాస్తున్నాను. తిండి మీద నేను రాస్తున్న ఈ వరుసలో బీఫ్ గురించి రాశాను, హాస్టల్ మెనూల గురించి రాశాను. గ్యాస్ గురించి రాయడానికి సిగ్గు దేనికి?

ముందు నా సంగతి. మూడేళ్ళుగా నేను వేగన్. మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె ఏదీ తినను. ఈ మాట మా వాళ్ళ మధ్య అనగానే ముందు నవ్వు, తర్వాత అనుమానం. "ఏమ్మే, పంతులమ్మ ఉద్యోగం వచ్చిందనుకున్నాం, నువ్వు నిజంగానే పంతులమ్మవి అయిపోయావా?" అని మా పెదనాన్న కొడుకు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ పండగ జరిగినప్పుడు నేను ఇంకో యూనివర్సిటీలో పీజీ చదువుతున్నాను. ఆ పండగ నాది అనుకున్నాను. ఈ రోజుకీ నాదే. బీఫ్ తిన్నందుకు మనిషిని కొట్టి చంపే దేశంలో తినే హక్కు కోసం నిలబడటానికి నేను తినాల్సిన పని లేదు.

మరి ఎందుకు మానావు అంటే, జంతువుల బాధ. అంతే. మాది తోలు పని చేసిన ఇల్లు. చచ్చిన గొడ్డును ఊరు దాటించిన భుజాలు మా తాతవి. గొడ్డు బాధ గురించి మాకు పైనుంచి దిగొచ్చి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇక పాలంటారా, మా అమ్మమ్మ ఇంట్లో పాలు ఎప్పుడున్నాయని మానడానికి? గేదె ఉన్న ఇంటికి చెంబు పట్టుకుని పోతే ఎక్కడ తగులుతామోనని పైనుంచి పోసేవాళ్ళు. సగం చెంబులో, సగం నేల మీద. నల్ల టీ తాగి పెరిగినవాళ్ళం.

కాబట్టి నేను శుద్ధి కోసం వేగన్ కాలేదు. శుద్ధి పేరుతో ఎవరైనా నా నొప్పిని మెచ్చుకుంటే ఊరుకోను.

నొప్పి మాత్రం నిజంగానే వచ్చింది. మొదటి మూడు నాలుగు నెలలు కాలేజీలో మధ్యాహ్నం మూడో పీరియడ్ అయ్యేసరికి పొట్ట తప్పెటలా బిగిసేది. ప్రబంధం పాఠం చెప్తూ చెప్తూ బోర్డు వైపు తిరిగి నడుం దగ్గర చీర వదులు చేసుకున్న రోజులున్నాయి. ఎడమ డొక్కలో, పక్కటెముకల కింద, ఎవరో వేలు పెట్టి పొడుస్తున్నట్టు. స్టాఫ్ రూంలో కూర్చుంటే గుడగుడ శబ్దం. పక్కన కూర్చున్న మేడం మర్యాదగా కిటికీ వైపు చూసేది.

మా జిల్లా కేంద్రంలో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఏం తింటున్నావని అడగలేదు. బరువు తగ్గావా, నెలసరి సరిగ్గా వస్తోందా, విరోచనం ఎలా అవుతోంది, ఏదీ అడగలేదు. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగాడు. చెప్పాను. "మీ వాళ్ళకి పప్పులూ ఆకుకూరలూ అలవాటుండవు కదమ్మా, అందుకే అరగట్లేదు" అన్నాడు. పరగడుపున వేసుకోమని మాత్రలు రాశాడు.

మా వాళ్ళకి పప్పులు అలవాటు లేవట! ఈ జిల్లాలో కంది కోసిందెవరు? ఉలవలు నూర్చిందెవరు? కూలికి డబ్బులివ్వకుండా గింజలు కొలిచిన రోజుల్లో ఆ గింజలు తిని బతికిందెవరు? మా ఇంట్లో మాంసం అంటే వారానికి ఒకసారి వస్తే గొప్ప. మిగతా ఆరు రోజులూ జొన్న సంకటి, పచ్చిపులుసు, గోంగూర, అలసంద గుగ్గిళ్ళు. మాంసం తినేవాళ్ళు అనే ముద్ర మా మీద ఉంది గానీ, మాంసం మా పళ్ళెంలో ఎప్పుడూ అంత లేదు. డాక్టర్ నా పొట్ట చూడలేదు, ఆ ముద్రని చూశాడు.

సరే, కోపం పక్కన పెట్టి లెక్కలోకి వద్దాం.

పప్పుదినుసుల్లో రాఫినోస్, స్టాకియోస్, వెర్బాస్కోస్ అనే చక్కెరలుంటాయి. వీటిని విడగొట్టడానికి ఆల్ఫా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్ కావాలి. మనిషి చిన్నపేగులో అది తయారవదు. ఏ కులం మనిషికీ, ఏ దేశం మనిషికీ తయారవదు. అందుకని ఆ చక్కెరలు అరక్కుండా పెద్దపేగు దాకా వెళ్తాయి. అక్కడ కోటానుకోట్ల బాక్టీరియా ఉంటుంది. దానికి అది విందు. తిని, పులియబెట్టి, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ వదులుతుంది. ఇదే గ్యాస్. గోధుమలో, ఉల్లిపాయలో, వెల్లుల్లిలో ఫ్రక్టాన్లు అనే ఇంకో రకం ఉంటాయి. వాటి కథా ఇంతే.

ఇందులో రోగం ఏమీ లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకి 10 నుంచి 20 సార్లు గాలి పోవడం మామూలు. ఆ గాలిలో దాదాపు అంతా వాసన లేనిదే. వాసన వచ్చేది గంధకం కలిసిన కొద్దిపాటి వాయువుల వల్ల. పైగా ఆ బాక్టీరియా పులియబెట్టేటప్పుడు పేగు గోడకి పనికొచ్చే కొవ్వు ఆమ్లాలు కూడా తయారవుతాయి. పీచు మంచిదని డాక్టర్లు చెప్పేది అందుకే.

మరి నొప్పి ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, తిండి మారిన వేగం. మాంసం, గుడ్డు, పెరుగు తీసేసిన చోట శనగలు, రాజ్మా, సోయా, కాలీఫ్లవర్ వచ్చి కూర్చుంటాయి. పీచు ఒక్కసారిగా పెరుగుతుంది. పేగులోని బాక్టీరియా సర్దుకోవడానికి వారాలు పడుతుంది. అమెరికాలో రోజూ అరకప్పు చిక్కుడు గింజలు పెట్టి చేసిన అధ్యయనాలు 2011లో వచ్చాయి. మొదటి వారంలో గ్యాస్ పెరిగిందన్నవాళ్ళు సగం మంది దాకా ఉన్నారు. వారాలు గడిచేకొద్దీ ఆ సంఖ్య పడిపోయింది. అంటే చాలామందికి ఇది తగ్గేదే. రెండో కారణం, పేగు సున్నితత్వం. కొందరికి గ్యాస్ అందరికీ ఉన్నంతే ఉన్నా నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. వాళ్ళ పేగు నరాలు చిన్న సాగుడుకే కేక పెడతాయి. "అందరూ తింటున్నారు, నీకే ఏమొచ్చింది?" అని వాళ్ళని అడగడం అన్యాయం.

ఇక్కడ తెలుగు పంతులమ్మగా ఒక మాట. మన భాషలో తేన్పు ఉంది, ఉబ్బరం ఉంది, గుడగుడ ఉంది, పులితేన్పు, గుండెమంట, మలబద్ధకం, కడుపునొప్పి ఉన్నాయి. పిత్తు అనే శుభ్రమైన పాత తెలుగు మాట ఉంది, స్టాఫ్ రూంలో అంటే కొంప మునుగుతుంది. ఇన్ని మాటల్నీ పక్కకి నెట్టి గ్యాస్ అనే ఒక్క మాట వచ్చి కూర్చుంది. మర్యాదగా ఉంటుంది, ఎక్కడైనా అనొచ్చు. కానీ ఆ ఒక్క మాట కింద అరడజను జబ్బులు దాక్కుంటాయి. ఛాతీలో మంటా గ్యాసే, మలబద్ధకమూ గ్యాసే, గుండెపోటూ గ్యాసే. మన వాడల్లో ఎన్ని చావుల దగ్గర "గ్యాస్ నొప్పి అనుకున్నామమ్మా, సోడా తాగించాం" అనే మాట విన్నాం? పెద్దపేగు ఎడమ పక్కటెముకల కింద మలుపు తిరుగుతుంది. గాలి అక్కడ చిక్కుకుంటే ఛాతీలో నొప్పిలాగే ఉంటుంది, నిజమే. కానీ ఆ రెండింటినీ విడదీయాల్సింది ఈసీజీ, మన ఊహ కాదు. ఛాతీ మధ్యలో బరువు, చెయ్యికో దవడకో పాకే నొప్పి, చెమట, ఆయాసం ఉంటే సోడా వెతక్కండి, 108కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళలో గుండెపోటు ఒక్కోసారి వికారంగా, పైపొట్టలో నొప్పిగా మాత్రమే కనిపిస్తుంది. ఇంకా జాగ్రత్త.

డాక్టర్ రాసిన పరగడుపు మాత్ర గురించి కూడా చెప్పాలి. అది జీర్ణాశయంలో యాసిడ్ తగ్గిస్తుంది. గుండెమంటకి పనిచేస్తుంది. పెద్దపేగులో పుట్టే గాలిని అది ఏమీ చేయదు. పైగా ఏళ్ళ తరబడి వేసుకుంటే బి12 ఒంటబట్టడం తగ్గుతుంది. వేగన్ తిండిలో బి12 అసలే ఉండదు. వేగన్లు బి12 విడిగా తీసుకుని తీరాలి. దీనికి వేరే దారి లేదు. అలాంటి మనిషికి ఏం తింటున్నావని అడక్కుండా ఆ మాత్ర నెలల తరబడి రాయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ దగ్గర మోనాష్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పరిశోధకులు పేగులో తేలిగ్గా పులిసే చక్కెరలన్నింటికీ కలిపి 2005లో ఫాడ్‌మ్యాప్ అని పేరు పెట్టారు. ఏ తిండిలో అవి ఎంతున్నాయో కొలిచి జాబితాలు తయారుచేశారు. పొట్ట ఉబ్బరం, పేగు సున్నితత్వం ఉన్నవాళ్ళు కొన్ని వారాలు వాటిని తగ్గించి, తర్వాత ఒక్కొక్కటీ తిరిగి చేర్చుకుంటూ ఏది పడట్లేదో కనుక్కునే పద్ధతి అది.

ఆ జాబితాలో ముందు వరసలో ఉండేవి ఉల్లి, వెల్లుల్లి. ఈ సంగతి ఒక సాత్వికాహారం పెద్దమనిషికి చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. "మా పెద్దలు ఎప్పుడో చెప్పారు కదా!" అన్నాడు.

ఆగండి సార్, జాబితా ఇంకా ఉంది. పాలు ఉన్నాయి. గోధుమ ఉంది. తేనె ఉంది. మామిడిపండు, ఆపిల్, రాజ్మా, జీడిపప్పు ఉన్నాయి. అంటే సాత్వికం పళ్ళెంలో సగం ఖాళీ. మరి ఏ ఇబ్బందీ లేదని ఆ లెక్కలో తేలేవేమిటి? కోడి, మేక, గొడ్డు మాంసం, చేప, గుడ్డు. వాటిలో ఈ చక్కెరలు దాదాపు లేనే లేవు. వేగన్‌ని అయ్యుండీ ఈ మాట చెప్తున్నాను, ఎందుకంటే నిజం కాబట్టి. పేగుకి మనుధర్మం తెలియదు. ఏ తిండి ఎవరి ఇంట్లో వండారో బాక్టీరియా అడగదు. భగవద్గీత 17వ అధ్యాయంలో తిండిని మూడు గుణాలుగా విడగొట్టి, నిల్వ ఉన్నదాన్నీ ఎంగిలినీ తామసుల ఖాతాలో వేశారు. ఊరంతా తినగా మిగిలింది పెట్టి, అది తిన్నందుకు తక్కువవాళ్ళన్నారు. మోనాష్ జాబితాలో గుణాలు లేవు, గ్రాములున్నాయి. నాకు గ్రాములు నచ్చాయి.

అయితే ఒక హెచ్చరిక. ఆ జాబితా కొన్ని వారాల పరీక్ష మాత్రమే, జీవితకాలం వ్రతం కాదు. ఉల్లి మానేసి అదే అలవాటు చేసుకుంటే పేగులోని మంచి బాక్టీరియాకి తిండి తగ్గుతుంది. వేగన్లకి ఇంకో చిక్కు కూడా ఉంది. మన మాంసకృత్తులన్నీ పప్పుల్లోనే ఉన్నాయి కదా. వాటిని ఒక్కసారిగా తీసేస్తే మిగిలేది అన్నం, పచ్చడి. కాబట్టి ఆ పరీక్ష చేయాలనుకుంటే పోషకాహారం తెలిసినవాళ్ళని అడిగి చేయండి.

ఇక వంటింట్లోకి వద్దాం. పల్లెటూళ్ళలో ముసలమ్మలు గింజల్ని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో ఉడకబెట్టేవాళ్ళు. ఆ చక్కెరలు నీళ్ళలో కరుగుతాయి. నానిన నీళ్ళతో పాటు కొంత పోతాయి. మొలక కట్టడానికి గుడ్డలో మూట కడితే, మొలకెత్తే గింజ తన కోసం ఆ చక్కెరల్నే ఖర్చు పెట్టుకుంటుంది. ఇడ్లీ పిండి పులిసేటప్పుడు మినప్పప్పులోవి కొంత పిండిలోని బాక్టీరియా తినేస్తుంది. మీ పేగులో జరగాల్సిన పులుపు గిన్నెలో జరిగిపోతుందన్నమాట.

ఉలవల సంగతి వినండి. ఉలవలు ఉడకబెట్టి గింజలు ఎద్దులకి పెట్టేవాళ్ళు, ఉడికిన నీళ్ళు మనుషులు కాచుకు తాగేవాళ్ళు. అదే ఇప్పుడు స్టార్ హోటళ్ళలో మీగడ వేసి అమ్ముతున్న ఉలవచారు. రుచికి తిరుగులేదు. కానీ లెక్క చూస్తే గ్యాస్ పుట్టించే చక్కెరలు దిగేది ఆ నీళ్ళలోకే. పొట్ట ఉబ్బే రోజుల్లో గింజలు మెత్తగా ఉడికించుకుని తినండి, నీళ్ళు వంపేయండి. చారు కొన్నాళ్ళు ఆగొచ్చు.

నాకు పనిచేసిన వరస ఇది. మొదట పొట్టు తీసిన పెసరపప్పు, పలచగా, కొద్దిగా. అది అన్నిటికన్నా తేలిక. రెండు వారాలు పోయాక కందిపప్పు. తర్వాత నానబెట్టి మెత్తగా ఉడికించిన అలసందలు, పావు కప్పు మించకుండా. శనగలు, రాజ్మా అన్నిటికన్నా చివర. నీళ్ళు పిండేసిన గట్టి టోఫు దొరికేచోట అదీ మంచిదే, ఆ చక్కెరలు నీళ్ళతో పోయి ఉంటాయి. నిండు సోయా గింజలతో చేసిన పాలు మాత్రం చాలామందికి పడవు. వేరుశనగలు కొద్దిగా తింటే ఇబ్బంది పెట్టవు. ఉల్లి, వెల్లుల్లి రుచి వదులుకోలేకపోతే నూనెలో వేయించి ముక్కలు తీసేయండి. ఫ్రక్టాన్లు నీళ్ళలో కరుగుతాయి గానీ నూనెలో కరగవు. రుచి మిగులుతుంది, బాధ తగ్గుతుంది. అన్నం, జొన్నరొట్టె గోధుమ కన్నా తేలిక. పీచు పెంచేటప్పుడు నీళ్ళు కూడా పెంచాలి, లేకపోతే మలబద్ధకం వచ్చి గాలి లోపలే చిక్కుకుంటుంది. తిన్నాక పడుకోకుండా పది పదిహేను నిమిషాలు నడవండి. గబగబా మింగితే గాలి కూడా మింగుతాం. సోడా వద్దు. వాము, జీలకర్ర, ఇంగువ వేసుకోండి, మనవాళ్ళకి వాటి మీద నమ్మకం ఉంది, నాకూ హాయిగానే ఉంటుంది. అయితే పొడి ఇంగువలో సాధారణంగా గోధుమ పిండో మైదానో కలుపుతారు. గోధుమ పడనివాళ్ళు డబ్బా మీద చదివి కొనండి.

ఆల్ఫా గెలాక్టోసిడేజ్ ఎంజైమే మాత్రగా కూడా దొరుకుతుంది. మొదటి ముద్దతో వేసుకోవాలి. పప్పుల గ్యాస్‌కి కొంత పనిచేస్తుంది, ఉల్లి, గోధుమలకి పనిచేయదు. డాక్టర్ని అడిగి వాడండి. గొట్టం మాత్ర అయితే తొడుగు చూసుకోండి, చాలావాటి తొడుగు జిలాటిన్‌ది. అది గొడ్డు తోలు, ఎముకల నుంచి తీసేదే. మా తాత పని మందుల షాపు దాకా వెళ్ళిందని నవ్వుకున్నాను.

ఇక వేగన్ అంటే ఏమిటో సరుకుల షాపు వేరే పాఠం చెప్తోంది. 2022లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వేగన్ ఆహారాలకి నిబంధనలు పెట్టింది, ప్యాకెట్ల మీద గుర్తు వచ్చింది. గుర్తు మంచిదే. కానీ ఆ ప్యాకెట్లలో ఉన్నదేమిటి? జీడిపప్పు చీజ్, జీడిపప్పు పెరుగు, చికోరీ వేరు పీచు కలిపిన ప్రొటీన్ బార్, సోర్బిటాల్ కలిపిన తీపి. పొట్ట ఉబ్బే మనిషికి ఈ నాలుగూ నాలుగు పిన్నులు. ఒక జీడిపప్పు చీజ్ ముక్క ధరతో మా ఊళ్ళో ఒక ఇంటికి వారానికి సరిపడా పెసరపప్పు వస్తుంది. వేగన్ తిండి డబ్బున్నవాళ్ళ తిండి అని మనవాళ్ళు అనుకోవడానికి కారణం ఈ షాపే. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల దళిత ఆడవాళ్ళు సంఘాలు కట్టి, జొన్నలు, సామలు, కొర్రలు, పప్పులు ఒకే చేనులో కలిపి పండిస్తూ విత్తనాలు తమ ఇళ్ళలో దాచుకున్నారు. వాళ్ళ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్య సమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ళు వేగన్లు కాదు, ఆ మాట వాళ్ళకి అక్కర్లేదు. కానీ గింజ గురించి నేర్చుకోవాలంటే నేను ఆ ఆడవాళ్ళ దగ్గర కూర్చుంటాను గానీ, ఫోన్లో విషాల కథ చెప్పే కోచ్ దగ్గర కాదు.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని విషయం. మరుగుదొడ్డి. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివాను. పొద్దున్నే వరస, నీళ్ళుండవు, తలుపు గడియ ఉండదు. ఆడపిల్లలం నీళ్ళు తాగడం తగ్గించేవాళ్ళం. విరోచనం ఆపుకునేవాళ్ళం. ఆపుకుంటే మలబద్ధకం, మలబద్ధకంతో ఉబ్బరం, ఉబ్బరంతో తిండి మానడం. దాని మీద రక్తహీనత. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దానికి ఐరన్ మాత్రలిస్తారు, ఇవ్వాల్సిందే. ఆ మాత్రలతో చాలామందికి మలబద్ధకం, పొట్ట బిగువు వస్తాయి. ఈ సంగతి ముందే చెప్పరు. పిల్ల మాత్రలు పారేస్తుంది, "ఈ పిల్లలకి ఎంత చెప్పినా అర్థం కాదు" అని రిపోర్టు రాస్తారు. మాత్ర మార్చొచ్చు, మోతాదు మార్చొచ్చు, రోజు విడిచి రోజు ఇవ్వొచ్చు. అడిగితే కదా. గాలి పోనివ్వడానికి నాలుగు గోడలు, ఒక గడియ కావాలి. అది కూడా ఆరోగ్యమే. మా కాలేజీలో ఆడ లెక్చరర్లకి ఒకటే టాయిలెట్, దాని తాళం ఆఫీసులో. పోయి అడిగి తీసుకోవాలి. పొట్ట ఉబ్బిన మనిషికి ఆ నడక ఎంత దూరమో నాకు తెలుసు.

గ్యాస్ అని తోసేయకూడని గుర్తులు కొన్ని చెప్తాను, రాసిపెట్టుకోండి. కారణం లేకుండా బరువు తగ్గడం. మలంలో రక్తం, లేదా నల్లటి మలం. రక్తహీనత. నిద్రలోంచి లేపే నొప్పి. ఆగని వాంతులు, జ్వరం. గాలీ మలమూ రెండూ ఆగిపోయి పొట్ట ఉబ్బడం, దీనికి వెంటనే ఆసుపత్రికి పోవాలి. యాభై దాటాక కొత్తగా మొదలైన ఉబ్బరం. ఆడవాళ్ళకి ముఖ్యంగా, వారాల తరబడి రోజూ పొట్ట ఉబ్బరంగా ఉండి, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటే అండాశయం పరీక్ష చేయించండి. అండాశయ క్యాన్సర్ తొలి గుర్తులు ఇలాగే మామూలుగా ఉంటాయి. గోధుమ పడట్లేదని అనుమానం ఉంటే, గోధుమ మానకముందే సీలియాక్ రక్తపరీక్ష చేయించుకోండి. మానేశాక చేస్తే జబ్బున్నా లేనట్టు రావచ్చు. థైరాయిడ్ తగ్గినా మలబద్ధకం, ఉబ్బరం వస్తాయి. ఇవన్నీ మామూలు పరీక్షలే. "మీ వాళ్ళకి అరగదమ్మా" అనే మాటతో ఒక్క పరీక్ష పోయినా ఆ నష్టం ఒక ప్రాణం కావచ్చు. డాక్టర్ అడక్కపోతే మీరే చెప్పండి. ఏం తింటున్నారు, ఎప్పుడు నొప్పి వస్తోంది, రెండు వారాలు ఒక నోటు పుస్తకంలో రాసుకుని తీసుకెళ్ళండి. రాసింది ముందు పెడితే కులం అడిగే టైం తగ్గుతుంది.

నా పొట్ట ఇప్పుడు చాలావరకు బాగుంది. ఐదు నెలలు పట్టింది. రాజ్మా ఇప్పటికీ పడదు, తినను. కానీ బాగుపడని వాళ్ళూ ఉంటారు. అన్నీ చేసినా నొప్పి తగ్గనివాళ్ళు ఉంటారు. వాళ్ళు గుడ్డుకో చేపకో తిరిగి వెళ్తే వాళ్ళని నేను తప్పుపట్టను, ఇంకెవర్నీ పట్టనివ్వను. ఆకలితో, నొప్పితో మనిషి విలువని కొలిచే అలవాటు ఈ దేశంలో చాలా పాతది. ఉపవాసం ఉన్నవాడు గొప్ప, తిన్నవాడు తక్కువ. తిండి దొరక్క పస్తున్నవాడు మాత్రం ఏ లెక్కలోకీ రాడు. జంతువుల మీద దయ పేరుతో ఆ కొలబద్దని మళ్ళీ మన చేతికిస్తే నేను తీసుకోను.

దయ ఉన్న రాజకీయం మనిషి పొట్ట దగ్గర కూడా దయగా ఉండాలి. వేగన్ అవ్వాలనుకునే మన పిల్లలకి నేను చెప్పేది ఇంతే. మెల్లగా మారండి. గింజలు నానబెట్టండి. బి12 మర్చిపోకండి. నొప్పి వస్తే నొప్పి అని చెప్పండి, డాక్టర్ దగ్గర నిలదీసి అడగండి. మీరు కడుక్కోవాల్సిన మైల మీ ఒంట్లో ఏదీ లేదు.

వచ్చే వారం మధ్యాహ్న భోజనం పథకంలో గుడ్డు గురించి. వేగన్‌ని అయ్యుండీ ఆ గుడ్డు పక్షాన ఎందుకు నిలబడతానో రాస్తాను.

జై భీమ్.